తోడు ఇవ్వండి, పెరుగు చేసిపెట్టకండి

మొన్న ఫిబ్రవరిలో ఒక సాయంత్రం పప్పుకి తాలింపు పెడుతుంటే ఏదో కొత్త వాసన తగిలింది. మాడిన వాసనా కాదు, అగరొత్తి వాసనా కాదు, రెంటికీ మధ్య రకం. పాలు పొంగాయేమోనని చూశాను. పాలు బుద్ధిగానే ఉన్నాయి. వాసన వెనక వరండాలోంచి వస్తోంది. వెళ్ళి చూద్దును కదా, మా అమ్మాయి పాత బల్ల మీద కిందటేడు క్యాలెండరు పరుచుకుని, పెన్ను లాంటి వేడి కడ్డీ చేత్తో పట్టుకుని, చిల్లుల అట్టలాంటి ముక్కకి ఏవో అతికిస్తోంది. మంచం మీద కూర్చున్న మా అత్తగారు గొణుగుతున్నారు. "ఈ మాటేసే పని నీకేల పాపా? చెయ్యి కాలితే ఎవురు చూడాల?"

మా అమ్మాయి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్, చివరి సంవత్సరం. చివరి సంవత్సరం అంటే ప్రాజెక్టు ఉంటుంది. మా రోజుల్లో పక్కమ్మాయి రికార్డు పుస్తకం అరువు తెచ్చుకుని ఎక్కించుకున్నట్టు, ఇప్పటి పిల్లలు ప్రాజెక్టుని కొట్లో కొనుక్కుంటున్నారు. నిజమేనండీ, కొనుక్కుంటున్నారు. 'ప్రాజెక్టులు చేసి ఇవ్వబడును' అని జిరాక్సు కొట్ల అద్దాల మీద కాగితాలు మీరూ చూసే ఉంటారు. మా అమ్మాయి జట్టులో ముగ్గురు ఆడపిల్లలు. ఒకచోట అడిగితే తొమ్మిది వేలు చెప్పారట. బోర్డు, రిపోర్టు, బైండింగు, పరీక్షలో ఏమడిగితే ఏం చెప్పాలో రెండు పేజీల జవాబులు, అన్నీ అందులోనే. వరపూజకి సారె కావిళ్ళు సర్దినట్టు అంత పకడ్బందీగా!

మావారు డబ్బు ఇచ్చేయడానికి సిద్ధపడ్డారు. "తలకి మూడు వేలు. పోతే పోనీ, మార్కులొస్తాయి కదా" అన్నారు.

"వద్దు నాన్నా, మేమే చేస్తాం" అంది మా అమ్మాయి. ఏం చేస్తావే అంటే, మిద్దె మీద ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగిపోయే పరికరం అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ట్యాంకు పొర్లి నీళ్ళు ఎదురింటి వాకిట్లోకి పోయి, ముగ్గు చెరిగి, నేను మాట పడిన రోజులు నాకు గుర్తే.

"కానీ దానికి ముందు ఇంకోటి చెయ్యాలమ్మా, ప్రోగ్రామరు" అంది.

ప్రోగ్రామరంటే బెంగుళూరులోనో అమెరికాలోనో ఉండే అబ్బాయి అనే నేననుకున్నాను. సంబంధాలు చెప్పేవాళ్ళ నోట విన్న మాట కదా. ఇది మనిషి కాదట, వస్తువట.

మన ఇళ్ళల్లో వాషింగ్ మెషిన్‌లో, ఇండక్షన్ పొయ్యిలో, టీవీ రిమోటులో, బంగారు కొట్లోని తూకం మిషన్లో ఒక చిన్న నల్ల చిప్పు ఉంటుంది. మైక్రోకంట్రోలరు అంటారు. లెక్కచేసే బుద్ధి, గుర్తుపెట్టుకునే జ్ఞాపకం, బయటి తీగలతో వ్యవహారం చేసే కాళ్ళు, మూడూ ఒకే ముక్కలో. మా అమ్మాయి పాఠాల్లో ఉన్న 8051 రకాన్ని ఇంటెల్ కంపెనీ 1980లో తెచ్చింది. ఇలాంటి చిప్పుని కొట్లోంచి తెచ్చినప్పుడు అది ఉత్త పలక. ట్యాంకు నిండితే ఏం చెయ్యాలో, ఖాళీ అయితే ఏం చెయ్యాలో కంప్యూటరులో రాసి, ఆ రాసిందాన్ని చిప్పు కడుపులోకి దించాలి. అలా దించే పరికరమే ప్రోగ్రామరు.

ఒకప్పుడు ఇది ఇంట్లో అయ్యే పని కాదు. పాత రకం చిప్పుల నెత్తిన చిన్న గాజు కిటికీ ఉండేది. రాసింది తుడవాలంటే ఆ కిటికీ మీద అల్ట్రావయొలెట్ దీపం పదిహేను, ఇరవై నిమిషాలు వెలిగించాలి. ఒక్క తప్పు దొర్లినా మళ్ళీ దీపం కిందికే. 1993లో మైక్రోచిప్ కంపెనీ తెచ్చిన పిఐసీ16సీ84 అనే చిప్పు ఆ బాధ తప్పించింది. కరెంటుతోనే తుడుచుకోవచ్చు, కరెంటుతోనే రాసుకోవచ్చు. దాంతో కంప్యూటరు వెనక సీరియల్ పోర్టుకి నాలుగు విడిభాగాలు తగిలించి ప్రోగ్రామర్లు ఇళ్ళల్లో చేసుకోవడం మొదలైంది. ఇప్పటి ల్యాప్‌టాపులకి ఆ పోర్టులు పెట్టడం లేదు కాబట్టి యూఎస్‌బీతో నడిచేది కావాలి. జర్మనీకి చెందిన థామస్ ఫిష్ల్ అనే ఆయన అలాంటిదొకటి రూపొందించాడు. పేరు యూఎస్‌బీఏఎస్‌పీ. దాని సర్క్యూటు బొమ్మా, లోపలి ప్రోగ్రామూ దాచుకోకుండా అందరికీ ఇచ్చేశాడు. మన దగ్గర ఆవకాయ పాళ్ళు కూడా ఇంత ధారాళంగా చెప్పరు.

సామాన్ల జాబితా నా చేతే రాయించింది, నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని. ఏటీమెగా8 చిప్పు ఒకటి. ఇది జెర్రిలాగా ఉంటుంది, 28 కాళ్ళు. దాన్ని కూర్చోబెట్టే ఐసీ బేస్. 12 మెగాహెర్ట్జ్ క్రిస్టలు. 22 పైకోఫారడ్ల కెపాసిటర్లు రెండు. 68 ఓముల రెసిస్టర్లు రెండు, ఇంకో రెండు మూడు వేరే విలువలవి. 3.6 వోల్టుల జీనర్ డయోడ్లు రెండు. ఎర్రదొకటి పచ్చదొకటి ఎల్‌ఈడీ దీపాలు. డాట్ బోర్డు. యూఎస్‌బీ తీగకి మాత్రం పైసా ఖర్చు లేదు. చెడిపోయిన మౌసు తోక కోసింది.

ఇద్దరం తిరుపతిలో విడిభాగాల కొట్టుకి వెళ్ళాం. అడుగుతున్నది అది, కొట్టాయన చూస్తున్నది నన్ను. "ఎవరికమ్మా, బాబుకా?" అన్నాడు. పాపకేనన్నాను. "మీ సార్ నంబరుకి ఫోన్ చెయ్యి పాపా, నేను మాట్లాడతా" అన్నాడు. తరవాత మర్యాదగానే సామాన్లిచ్చాడు లెండి. క్రిస్టలు దగ్గర మాత్రం పేచీ వచ్చింది. 12ది లేదు, 11.0592ది ఉంది, తీసుకో, రెండూ దగ్గర దగ్గరే అన్నాడు. ఇది వద్దంది. పది రూపాయల ముక్క కోసం బేరమేమిటని నాకు చిరాకు వేసింది. బయటికొచ్చాక చెప్పింది. ఈ పద్ధతిలో యూఎస్‌బీ తీగ మీద సెకనుకి 15 లక్షల బిట్లు పోతాయట. చిప్పు గుండె సెకనుకి కోటీ 20 లక్షల సార్లు కొట్టుకుంటే, ఒక్కో బిట్టుకి సరిగ్గా ఎనిమిది దెబ్బలు. ఆ తాళం నూటికి ఒకటిన్నర పాలు తప్పినా కంప్యూటరు ఊరుకోదట. పదకొండున్నరకి కూడా రానిదాన్ని పన్నెండని ఎలా నమ్మించడం?

నేను బి.ఎస్సీ. చదివినదాన్ని. ఆ ఎనిమిది దెబ్బల లెక్క నడిరోడ్డు మీద వేళ్ళతో వేసుకుని చూశాను. సరిపోయింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

సంక్రాంతి అయ్యాక బంధువుల పెళ్ళికి మద్రాసు వెళ్ళాం. మన జిల్లావాళ్ళకి పట్టుచీరలకి కంచి ఎలాగో, ఎలక్ట్రానిక్సుకి మౌంటు రోడ్డు పక్కనున్న రిచీ వీధి అలాగ. పెళ్ళివారింట టిఫిన్లు కాగానే పట్టుచీరలతోనే వెళ్ళాం. పూలమార్కెట్టులో చామంతులు పోసినట్టు రాశులు పోసి అమ్ముతున్నారు అక్కడ. 12 మెగాహెర్ట్జ్ క్రిస్టలు దొరికింది. ఎందుకైనా మంచిదని నాలుగు కొన్నాం.

ఇక ఆ వాసన సంగతి. అది సోల్డరింగ్ తీగలో ఉండే రోసిన్ వాసన, పైన్ చెట్ల బంకనుంచి తీసేది. మా చిన్నప్పుడు చిత్తూరులో వీధి మొగదల కొలిమి పెట్టుకుని ఇత్తడి గిన్నెలకి కళాయి పోసేవాళ్ళు వచ్చేవారు. నవాసారం చల్లి, తగరం రాసి, గుడ్డతో ఒక్క విసురు విసిరితే గిన్నె వెండిలా మెరిసేది. ఆ నవాసారం చేసిన పనే ఈ రోసిన్ చేస్తుంది, లోహం మీది మురికిని తొలగించి తగరాన్ని పట్టేట్టు చేస్తుంది. మామూలుగా కొట్లలో దొరికే సోల్డరింగ్ తీగలో 60 పాళ్ళు తగరమే, తక్కిన 40 సీసం. ఈ మాట చెప్పాక మా అత్తగారు గొణగడం మానేసి దగ్గరికి జరిగి చూడటం మొదలెట్టారు. "కళాయే కదా, అట్ల చెప్పు మరి" అన్నారు.

సీసం ఉంది కాబట్టి తల్లులు చూసుకోవాల్సినవి ఉన్నాయి. కిటికీలు తెరిచి పెట్టాలి, పొగ మీదికి వంగకూడదు, పనయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఆ బల్ల మీద తినే వస్తువు పెట్టకూడదు. కడ్డీ కొన మూడు వందల డిగ్రీలు దాటి కాలుతుంది, స్టాండు లేకుండా కింద పెట్టకూడదు. అంతే. కాగిన నూనెలో వడలు వెయ్యడం నేర్పించిన మనం దీనికి భయపడితే నవ్వొస్తుంది. బోర్డులో ఉండే కరెంటు అయిదు వోల్టులు, ముట్టుకున్నా తెలియదు. (ట్యాంకు మోటారు దగ్గర 230 వోల్టుల పని మాత్రం ఎలక్ట్రీషియన్‌ని పక్కన నిలబెట్టుకునే చేయించాను.)

బోర్డు అయింది. అప్పుడు బయటపడింది అసలు చిక్కు. ప్రోగ్రామరులో ఉన్న ఏటీమెగా8 కూడా ఖాళీ చిప్పే కదా! దానిలో ఫిష్ల్ గారి ప్రోగ్రాము ఎక్కించాలి. ఎక్కించాలంటే ప్రోగ్రామరు కావాలి. ప్రోగ్రామరు చేసుకోవాలంటే ముందు ప్రోగ్రామరు ఉండాలి! నాకు తల తిరిగింది. మా అత్తగారికి తిరగలేదు.

"దానికేముంది పాపా. తోడు లేకుండా పెరుగెట్ల అయితుంది? ఎవురింట్లోనన్నా అడిగి ఒక చుక్క తెచ్చుకో. రేపట్నించి మన పెరుగే మనకి తోడు" అన్నారు.

ఇంత తేలిగ్గా ఏ పుస్తకం చెప్పగలదు!

క్లాసులో ఇద్దరు మగపిల్లల దగ్గర ప్రోగ్రామరు ఉంది. మంచి పిల్లలే, మా ఇంటికి వచ్చి కాఫీ తాగిన వాళ్ళే. అడగ్గానే, "చిప్పు ఇలా ఇవ్వు, రేప్పొద్దున రాసి తెచ్చిస్తాం" అన్నారట. చిప్పు కాదు, ప్రోగ్రామరు ఒక్క పూట ఇవ్వండి, నేనే ఎక్కించుకుంటాను అంది ఇది. "నీకెందుకు శ్రమ? పాడవుతుంది" అన్నారట. ఇంటికొచ్చి ముభావంగా కూర్చుంది. మావారు ఆ పిల్లల వైపే మాట్లాడారు. "సాయం చేస్తామంటే వద్దంటావేం? అయ్యేది పని, ఎవరు చేస్తేనేం?"

ఆ మాట దగ్గర నాకు కోపమొచ్చింది. వచ్చింది మావారి మీద కాదు, ఆ పిల్లల మీద అంతకన్నా కాదు. నా మీద నాకే.

చిత్తూరులో నేను డిగ్రీ చదివేటప్పుడు మా ఫిజిక్సు ల్యాబులో ఒక్కో బల్లకి నలుగురం. ఇద్దరు మగపిల్లలు, ఇద్దరం ఆడపిల్లలం. తీగలు కలిపేది వాళ్ళు, గాల్వనోమీటరు ముల్లు చూసేది వాళ్ళు, రీడింగులు రాసుకునేది మేము. ఎవరూ అలా విధించలేదు. మాకు అక్షరాలు బాగుంటాయి, వాళ్ళకి చేతులు బాగుంటాయి అని అందరం నమ్మాం. ఒకసారి పొటెన్షియోమీటరు దగ్గర నేను తీగ పట్టుకోబోతే పక్కబ్బాయి ఎంతో మర్యాదగా, "మీరు ఉండండి, నేను చేసిపెడతాను" అన్నాడు. ఉన్నాను. మూడేళ్ళు ఉన్నాను. ప్రాక్టికల్సులో మంచి మార్కులే వచ్చాయి. పెళ్ళయి ఇరవై ఏళ్ళు కావస్తోంది, ఫ్యూజు పోతే ఇవాళ్టికీ మావారొచ్చేదాకా కొవ్వొత్తి వెలిగించుకుని కూర్చుంటాను. కథలు రాసుకునే దానికి ఆ చీకటి పనికొచ్చిందనుకోండి, అది వేరే సంగతి.

తిట్టి వద్దన్నవాళ్ళతో పోట్లాడవచ్చు. ప్రేమగా 'చేసిపెడతాను' అన్నవాళ్ళతో ఎలా పోట్లాడాలో మాకెవరూ చెప్పలేదు. నాన్న, అన్న, మొగుడు, క్లాసులో అబ్బాయి, ప్రాజెక్టు అమ్మే కొట్టు, అందరూ చేసిపెట్టేవాళ్ళే. అడిగింది చెంచాడు తోడు. గిన్నెడు పెరుగు తెచ్చి చేతిలో పెడతారు. ఆ పూటకి భోజనం గడుస్తుంది. మర్నాడు మళ్ళీ గిన్నె పట్టుకుని వాళ్ళ గుమ్మంలోనే నిలబడాలి.

చివరికి తోడు ఇచ్చింది రేణిగుంట వైపు ఫ్యాక్టరీలో పనిచేస్తున్న ఒక సీనియరమ్మాయి. ఆదివారం సెలవు పూట తన ప్రోగ్రామరు సంచీలో వేసుకుని మా ఇంటికొచ్చింది. వచ్చి చేసిన పనేమిటంటే, చేతులు రెండూ కట్టుకుని కుర్చీలో కూర్చోవడం! "నేను ముట్టుకోను, నువ్వే పెట్టు. తప్పయితే చెప్తాను" అంది. నాలుగు తీగల కథ ఆ పూటే నాకు అర్థమైంది. ఒక తీగ మీద మాట వెళుతుంది. ఇంకో తీగ మీద జవాబు వస్తుంది. మూడోది తాళం వేస్తుంది. నాలుగోది రీసెట్ తీగ, చిప్పు తన పని తాను చేసుకోకుండా 'కాసేపు ఊరికే ఉండి విను' అని కూర్చోబెడుతుంది. ఇవి కాక ప్లస్సుకొకటి, మైనస్సుకొకటి. కొన్ని సెకన్లలో ఎక్కడం అయిపోయింది.

అయితే తీరా మా బోర్డుని ల్యాప్‌టాపుకి పెడితే, ఈ పరికరాన్ని గుర్తించలేకపోతున్నానంది. పదిసార్లు పెట్టాం, పదిసార్లూ అదే మాట. మావారు తలుపు దగ్గర నిలబడి చూశారు గానీ, పాపం, ఏమీ అనలేదు. ఆ సీనియరమ్మాయికి తెలిసే ఉంటుంది, పెదవి కదపలేదు. మా అమ్మాయి మల్టీమీటరు తీసి ఒక్కో అతుకూ కొలుచుకుంటూ వచ్చింది. నలభై నిమిషాలు పట్టింది. రెండు జీనర్లలో ఒకటి తిరగేసి పెట్టింది! చిప్పు నడిచేది 5 వోల్టుల మీద; యూఎస్‌బీ మాట తీగల మీద 3.6 దాటకూడదు, మించినదాన్ని అదిమి ఉంచడానికే ఆ జీనర్లు. ఒంటి మీద గీత ఎటు ఉండాలో అటు ఉంటేనే అది 3.6 దగ్గర ఆపుతుంది. తిరగేస్తే 0.7 దగ్గరే గొంతు పట్టుకుంటుంది, ఇక మాట బయటికెలా వస్తుంది? విప్పి సరిగ్గా పెట్టగానే ల్యాప్‌టాపు గుర్తుపట్టింది. మా అత్తగారు దిష్టి తీశారు, బోర్డుకి.

ఇప్పుడు మీరడగబోయేది నాకు తెలుసు. మా ఎదురింటావిడ అడిగేసింది కూడా. ఇదే వస్తువు తయారుగా దాదాపు అదే ధరకి దొరుకుతుందట కదా, ఇంత అవస్థ ఎందుకు అని. దొరుకుతుంది. డబ్బు లెక్కలో మాకు మిగిలిందేమీ లేదు. ట్యాంకు ప్రాజెక్టు మొదలెట్టాక ఒకరోజు దాని చిప్పు బొత్తిగా పలకలేదు. జట్టులో మిగతా ఇద్దరూ చిప్పు చచ్చిపోయింది, కొత్తది కొందామన్నారు. మా అమ్మాయి కాసేపు ఆలోచించింది. బయటి క్రిస్టలుతో నడవమని చిప్పుకి చెప్పేసి క్రిస్టలు పెట్టడం మరిచిపోయారు. గుండె లేకుండా ఎలా పలుకుతుంది? మద్రాసులో ఎందుకైనా మంచిదని కొన్న నాలుగింటిలో ఒకటి పెడితే లేచి కూర్చుంది. తొమ్మిది వేలు పోసి కొన్న బోర్డు పలకకపోతే ఏం చేస్తారు? కొట్టువాడి దగ్గరికి పరిగెడతారు.

చదువుల విషయంలో మన ప్రాంతానికి లోటు లేదు. తిరుపతిలో ఆడపిల్లల కోసమే 1983లో పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. చేతుల్లో నేర్పుకీ లోటు లేదు. శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ వాళ్ళు 2015లో షియోమీ ఫోన్ల తయారీ మొదలుపెట్టినప్పుడు ఆ లైన్లలో కూర్చున్నది చాలావరకు చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలే. మగపిల్లలకి చేతులు బాగుంటాయని నమ్మిన నా క్లాసువాళ్ళని ఒక్కసారి ఆ లైను దగ్గర నిలబెట్టాలనిపిస్తుంది. బిగించడం, పరీక్షించడం ఆ చేతులకి అప్పగించారు. చిప్పులోపల ఏం రాయాలో మాత్రం ఇంకెక్కడో, ఇంకెవరో రాసి పంపుతారు. ఆ లైన్లో కూర్చునే పిల్ల ఇంటి దగ్గర ఒక్క చిప్పులోనైనా తన మాట తాను రాసుకుని చూసుంటే, ఆ ఉద్యోగంలోనే ఆమె చూసే చూపు వేరుగా ఉంటుందని నా నమ్మకం.

ఆడపిల్లలు చదివే కాలేజీల్లో ల్యాబు బల్ల దగ్గర రీడింగులు ఎవరు రాస్తున్నారో, తీగలు ఎవరు కలుపుతున్నారో వారం వారం మార్చమని మేడములని అడగాలనుంది. కన్నవాళ్ళని అడగాల్సిందీ ఉంది. ఫీజులకి అప్పు చెయ్యడానికి వెనకాడం. సోల్డరింగ్ కడ్డీ కొనడానికి, పిల్లతో విడిభాగాల కొట్టు మెట్లెక్కడానికి, వరండాలో ఒక బల్ల వదలడానికి ఎందుకు వెనకాడతాం? అది తప్పు చేస్తున్నప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవడం కష్టమే. నా వల్లా కాలేదు. రెండుసార్లు కడ్డీ లాక్కోబోయాను, "అమ్మా, నువ్వుండు" అనిపించుకున్నాను.

పరీక్షలో జీనరు ఎందుకు పెట్టావని అడిగారట. తిరగేసి పెట్టిన కథంతా చెప్పిందట. మార్కులు ఇంకా రాలేదు. మావారు మాత్రం ట్యాంకు నిండి మోటారు ఆగిన ప్రతిసారీ వచ్చినవాళ్ళకి చూపిస్తున్నారు, తనే చేసినట్టు.

ఆ ప్రోగ్రామరు ఇప్పుడు మా ఇంట్లో లేదు. పుత్తూరు నుంచి రైల్లో వచ్చే జూనియరమ్మాయి పట్టుకెళ్ళి పది రోజులైంది. వాళ్ళ బోర్డులో ఏదో తేడా ఉందట, ఇంకా పలకలేదట. ఫోన్ చేసి అడిగితే మా అమ్మాయి, "జీనర్లు చూసుకున్నావా?" అని మాత్రం అని పెట్టేసింది.